కొబ్బరికాయ చెప్పిన బ్లాక్ హోల్ పాఠం

మా బచేలి బడికి బ్లాక్ హోల్ పాఠం చెప్పడానికి ఒక కిట్ వచ్చి రెండేళ్లయింది. సాగే నల్లగుడ్డ, ఇనుప గుండు, కొన్ని గోళీలు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. నేనేమో తొమ్మిదో తరగతికి బోర్డు మీద ఒక సున్నా గీసి, అదే బ్లాక్ హోల్ అనుకోమంటున్నాను.

ఈ రోజు విశ్వకర్మ పూజ. మా ఊరి కొండ మీద ఇనుప గనిలో మిషన్లన్నిటికీ, బడిలో ల్యాబ్ సామాన్లకీ దండలు పడే రోజు. పిల్లలతో ల్యాబ్‌కి వెళ్లేసరికి మా అటెండరు కన్నయ్య ఆ నల్లగుడ్డను నాలుగు స్టూళ్లకు కట్టి, నడుమ కొబ్బరికాయ పెట్టి, అంచుల్లో నిమ్మకాయలు సర్దుతున్నాడు.

"తాళం ఎవరు తీయమన్నారు కన్నయ్యా?" అన్నాను.

"పాఠానికైతే పెద్దసారు సంతకం కావాలె మేడం. పూజకు సంతకమేంది?" అన్నాడు.

ఇంతలో నిమ్మకాయలు దొర్లుకుంటూ కొబ్బరికాయ దగ్గరికి పోయాయి. పాపం, మళ్లీ అంచుకు సర్దాడు. మళ్లీ పోయాయి.

"మేడం, బరువుకి గుడ్డ వంగింది, అందుకే!" అని పిల్లలు ఒక్కసారిగా అరిచారు. రెండేళ్లుగా నా సున్నాకి చేతకాని పని అది.

ఆ వెంటనే ప్రిన్సిపాల్ గారు వచ్చి హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టి, గుడ్డ మడతపెట్టించి బీరువాకి తాళం వేయించారు.

మీ బడుల్లో కిట్లు ఏ పండక్కి బయటికొస్తాయో కాస్త చెప్పండి. బ్లాక్ హోల్‌లోంచి ఏదీ బయటికి రాదని పుస్తకంలో ఉంది. మా దాంట్లోంచి మాత్రం తలా ఒక కొబ్బరి ముక్క వచ్చింది.