నిలువు బండ దగ్గర

టైలరు వేసిన కుట్టు ఊడిందన్న మాట ఎవరూ వినలేదు. కానీ వయసులో ఉన్న రోజుల్లో ఏటా స్నేహితులతో నల్లరాతి కొండ ఎక్కేటప్పుడు మాత్రం, నిలువు బండ దగ్గరికి రాగానే అతని బూటు లేసు తప్పకుండా ఊడేది. మెడలో మరిచిపోయిన టేపును వెనక్కి వేసుకుని, తాపీగా కూర్చుని, మొత్తం విప్పి మళ్లీ కట్టేవాడు. "నీ లేసుతో చావొచ్చిందిరా" అని అందరూ విసుక్కునేవాళ్లు. బొద్దుగా ఉండే కంపౌండరు మాత్రం బండకు వీపు ఆనించి కూర్చుని ఊపిరి కూడదీసుకునేవాడు. అతను లేచాకే టైలరు ముడి పూర్తయ్యేది.

జుట్లు నెరిశాక అందరూ మళ్లీ ఆ కొండ ఎక్కారు. ఈసారి వెనకబడింది టైలరు. వేడెక్కిన రాతి మీద అరచేతులు ఆనించి పాకుతున్నాడు. మోకాళ్లు మాట వినడం లేదు, ఆగుదామని అడగడానికి నోరు రావడం లేదు. ఇప్పుడు సన్నబడిపోయిన కంపౌండరు, నిలువు బండ దగ్గర ఉన్నట్టుండి కూర్చుని కాలి మీదకు వంగాడు.

"ఏమైందిరా?" అని ముందున్నవాళ్లు అడిగారు.

"లేసు ఊడింది. కాస్త ఉండండి."

టైలరు వచ్చి బండకు చేరగిలబడ్డాడు. ఆయాసం తగ్గాక అటు చూశాడు. కంపౌండరు కాళ్లకున్నవి చెప్పులు.