కదలని ఈగ

పోలీస్ యాక్షన్ అయిన మూడో ఏడు. వైద్య కళాశాలలో మౌఖిక పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే ఇంటికే. ఆ మూడో పరీక్షకు ముందురోజు నాంపల్లి స్టేషన్ బెంచీ మీద కూర్చుని, "కన్ను కెమెరా, రెటీనా ఫిల్ము, చూసేది మెదడు" అని పైకే బట్టీ పడుతున్నాను.

పక్కన తడిగోనె కప్పిన బుట్టతో ఒకతను. కాలేజీల్లో కోయడానికి కప్పలు పట్టి తెస్తాడట.

"గదేం చదువు సారూ? కప్ప ముంగట సచ్చిన ఈగలు కుప్పవోసినా ఆకలికి సస్తది గని ముట్టది. దారం గట్టి జర ఊపుండ్రి, దుంకుతది. కదిలిందే దాని కంటికి ఆనుతది."

"అది మెదడు చేసే పని," అన్నాను విసుగ్గా.

"గంత మెదడు దానికి ఏడున్నది? మీరు కోసి సూసిన్రు గద!"

మర్నాడు పరీక్షలో కంటి గురించి అడిగితే, అంత చిన్న మెదడు చేయలేని పని కన్నే చేస్తుండాలనుకుని చెప్పాను: కప్ప రెటీనాలోని నరకణాలు ఉన్నదంతా పంపవు, కదలికలాంటివి ఏరి మెదడుకు పంపుతాయి అని.

"ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు ఎగ్జామినర్.

నాంపల్లి స్టేషన్‌లో విన్నానని నిజం చెప్పాను. మూడోసారీ ఫెయిల్ చేశాడు.

కొన్నేళ్లకు ఆ సంగతి పుస్తకాల్లోకి వచ్చింది. అప్పటికి నేను ఆబిడ్స్‌లో ఆ పుస్తకాలు అమ్మే కొట్లో గుమస్తాను.