రొంటిన అరిగిన నాణెం

మా పై వాటా మాస్టారు మంగళవారం పోయారు. ఫుజైరాలో నర్సుగా పనిచేసే వాళ్ళమ్మాయి, తన ఆస్పత్రిలోనే పోయారని ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రానికి ఈ గల్ఫ్ ఊళ్ళోని తెలుగువాళ్ళు పోగై ఆయన్ని "మృదుస్వభావి" అనేశారు. ఆయనతో ఒక్క పూట గడిపినవాడెవడూ ఆ మాట అనడు. పోయినవాళ్ళకి ఏదో ఒక మంచి గుణం అంటగట్టేసి బిర్యానీకి లేచే జనం.

ఆయన కంటికి ఏదీ ఆనేది కాదు. నా టీ కుడితి. ఇక్కడి సముద్రం కాకినాడ ముందు తొట్టి. వారాంతపు సెలవు గురువారం తీసేసి శనివారం చేసినప్పుడు, "రోజు మార్చారు, చాకిరీ మార్చారా?" అన్నారు. ఆయన టీకి రాని రోజు మాత్రం నాకు తోచేది కాదు.

చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నాణెం ఉండేది. యుద్ధకాలంలో దేశం బయట ఏర్పడిన ఆజాద్ హింద్ ప్రభుత్వం వేసిందని, రంగూన్ వెళ్ళి ఆ సైన్యంలో చేరిన తన తండ్రిదని చెప్పేవారు.

ఒక శుక్రవారం మా ఇంటికి దుబాయ్ నుంచి ఓ నాణేలు పోగుచేసే ఆయన భోజనానికి వచ్చాడు. భూతద్దం జేబులో వేసుకు తిరిగే రకం. ఆ నాణేన్ని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని చూశాడు.

"ఖలాస్ మాస్టారూ, ఇది నకిలీదండీ. ఆ సర్కారు నాణెం అసలు చలామణిలోకే రాలేదు."

"నాకు తెలీదా ఏంటి? కాకినాడ ఎగ్జిబిషన్లో నేనే కొన్నాను."

మేం తినడం ఆపేశాం.

"మా నాన్న రంగూన్ నుంచి తిరిగి రాలేదు. అక్కడెవర్నో ఉంచుకున్నాడని మా చుట్టాలు అమ్మని నూతి దగ్గర కూడా పొడిచేవోరు. యుద్ధంలో పోయాడని, తోటి సిపాయి ఇది తెచ్చిచ్చాడని చెప్పాను. అమ్మ దీన్ని రొంటిన దోపుకుని తలెత్తుకు తిరిగింది."

"మరి నిజంగా ఏమయ్యారండీ?"

"ఎవడికి తెలుసు? తెలిసినట్టు వాగినోళ్ళ మొహాన కొట్టడానికి నాకు ఇదే దొరికింది."

ఆ రోజు నుంచి ఆయన తిట్టే తిట్లు కూడా నాకు ముద్దొచ్చేవి.

నిన్న ఆ భూతద్దం ఆయన పరామర్శకని ఫోన్ చేసి, నకిలీల ప్రదర్శనలో పెడతాను, నాణెం ఇప్పించమన్నాడు. సిగ్గులేని మనిషి. మాస్టారిని కాకినాడ పంపే ఏర్పాట్ల దగ్గర ఆయన అమ్మాయితో ఆ మాట చెప్పాను. గుప్పిట విప్పి చూపించింది. నాణేనికి ఒక వైపు బొమ్మే లేదు, అంతా నున్నగా అరిగిపోయింది. నాయనమ్మ ఏళ్ళ తరబడి తడుముకున్న వైపట. శవపేటిక ఎయిర్‌పోర్టుకి కదిలేదాకా ఆమె బొటనవేలు అక్కడే తిరుగుతూ ఉంది.