గంధం పూసిన కన్ను

హైదరాబాదు నుంచి చిత్తూరుకు నేను పోయింది తనిఖీకి. గదిలో మనిషి కదిలితే లైట్లు, ఫ్యాన్లు వేసి, ఎవరూ లేకపోతే ఆర్పేసే పరికరాన్ని అక్కడి ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు చెంగల్రాయులు గారు తయారుచేశారు. ప్రభుత్వ గ్రాంటుతో ఒక సర్కారు ఆఫీసులో బిగించారు. పనిచేస్తోందని నేను రాస్తేనే రెండో ఏటి గ్రాంటు. లేదంటే ఆయన పరిశోధన అంతటితో సరి.

ఉదయం ఏడింటికి తిరుపతిలో దిగి, ఇడ్లీ తిని, ఎనిమిదిన్నర ప్యాసింజరు ఎక్కాను. ఎదుట కూర్చున్న పాకాల బెల్లం వ్యాపారి నా పనేమిటో ఆరా తీశాడు.

"మనిషి లేకుంటే ఆరిపోతాదా? మా ఊరి ఆఫీసులో పెడితే పగలంతా సీకటే గదప్పా," అన్నాడు. పెట్టె అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పదకొండున్నరకు చిత్తూరు చేరాను. చెంగల్రాయులు గారు ఇస్త్రీ చొక్కాతో స్టేషనుకు వచ్చి, స్కూటరు మీద తీసుకెళ్ళారు. మేం ఆఫీసు గదిలో అడుగుపెడితే ఒక్క లైటూ వెలగలేదు. అటెండరు మునెమ్మ వచ్చి పాత స్విచ్చి వేసింది. దసరా నుంచీ ఇంతేనట. సారును ఇబ్బంది పెట్టడమెందుకని ఎవరూ కబురు చేయలేదు. కాలేజీ పనుల్లో పడి తానూ ఇటు రాలేదని ఆయన ఒప్పుకున్నారు.

స్టూలెక్కి చూశాను. కదలికను పసిగట్టే పరికరం కన్నుకు మందంగా గంధం, దాని మీద కుంకుమ బొట్టు. ఎండి గట్టిపడ్డాయి.

"ఆయుధపూజకు పెట్టినాను సార్. బీరువాకు, టైపు మిషనుకు పెట్టి దీనికి పెట్టకుంటే ఎట్లా? మన సారు చేసింది గదా," అంది మునెమ్మ.

పాత స్విచ్చి ఆపి, తడి రుమాలుతో తుడిచాను. లైట్లు వెలిగాయి. కానీ పరికరం పనితీరు రాసే రిజిస్టరులో దసరా తర్వాత అన్ని నెలలూ ఖాళీ. ఫారంలో ఉన్నవి 'పనిచేసింది', 'పనిచేయలేదు' అని రెండే గళ్ళు. జరిగింది కింద రాస్తాను, పైవాళ్ళు కనికరించవచ్చు అన్నాను. ఆయన నన్ను వరండాలోకి పిలిచారు.

"బొట్టు సంగతి రాయొద్దు సార్. ఆడ హైదరాబాదులో కూర్చోని నవ్వుకుంటారు. ఆయమ్మ గౌరవంగా పెట్టింది. పనిచేయలేదనే రాయండి."

రాశాను. ఆయన హోటల్లో భోజనం పెట్టించారు. నాలుగింటి బండికి తిరుగు ప్రయాణమయ్యాను. చిత్తూరు వెళ్ళేవారికి చెప్పేదేముంది, బండ్లు వేళకే నడుస్తున్నాయి, మనుషులు మర్యాదస్థులు. నేనే, లైట్లు వెలిగించడం కళ్ళారా చూసిన పరికరాన్ని పనిచేయలేదని సంతకం పెట్టి, సిగ్గుతో ఊరు చేరాను.