దానంతట అదే వచ్చిన పేజీ

మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది నా చదువు కోసం కాదు, అన్న ముఖం చూడటం కోసం. మా దగ్గర గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయ్ పోయినట్టే. అన్న నిజానికి ఉన్నది మస్కట్‌లో. కోరుట్లలో మరమగ్గాలు, అదే మేమనే సాంచాలు, ఒక్కొక్కటే ఆగిపోతుంటే వాటి మీద బతికిన బాపు, మా నాన్న, ఇంట్లో కూర్చున్నాడు, అన్న విమానం ఎక్కాడు. పెళ్లయి అప్పటికి ఎనిమిది నెలలే. పోయేముందు ఒక పాత కంప్యూటర్ కొని, దాని మీద చిన్న కెమెరా పెట్టించి, ఎక్కడ నొక్కాలో వదినకు రెండుసార్లు చూపించి పోయాడు.

శుక్రవారం అన్నకు సెలవు. మధ్యాహ్నం తన క్యాంపు దగ్గరి నెట్ సెంటర్‌లో కూర్చునేవాడు. ఇక్కడ అమ్మతో పాటు బీడీలు చేస్తున్న వదిన గడియారం చూసి, ఒళ్లోని చాట పక్కన పెట్టి, చేతికంటిన తంబాకు కడుక్కుని వచ్చేది. అరగంట మాట్లాడుకునేవాళ్లు. వారం మొత్తానికి ఆమెకు మొగుడు అంతే. అమ్మ వెనక మంచం మీద కూర్చుని వినేది. అమ్మ చెడ్డది కాదు. కొడుకు గొంతు వినాలని ఆమెకూ ఉంటుంది కదా.

మిగిలిన ఆరు రోజులూ ఆ కంప్యూటర్ నాది. డిగ్రీ రెండో సంవత్సరం, అందులోనూ కంప్యూటర్స్; ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసని పొగరు. ఒక మంగళవారం కొత్త సినిమా పాటల కోసం వెతుకుతుంటే, అన్నీ ఉచితంగా ఇస్తానన్నదేదో దొరికింది. దించుకున్నాను. అది అడిగిన ప్రతిదానికీ చదవకుండా సరే, సరే అని నొక్కాను. పాటలు రాలేదు. బ్రౌజర్ తెరిస్తే మాత్రం ఎప్పుడూ వచ్చే పేజీ పోయి ఇంకేదో వచ్చి కూర్చుంది. తర్వాత చూద్దాంలే అని మూసేశాను.

శుక్రవారం వదిన కూర్చుంది. అన్నతో మాట్లాడే పేజీ కోసం నొక్కితే బట్టల్లేని ఆడవాళ్ల బొమ్మలు తెరుచుకున్నాయి. ఒకటి మూస్తే రెండు వచ్చాయి. వెనక అమ్మ ఉంది. అమ్మ పక్కన, బీడీలు చుట్టే తునికాకు అడగడానికి వచ్చిన ఎదురింటామె ఉంది. వదినకు మాట్లాడటం నేర్పిన అన్న దాన్ని ఆపడం నేర్పలేదు. ఆమె లేచి నిలబడి తన కొంగును తెరకు అడ్డం పట్టింది.

"మొగడు దూరమున్నడని గిసువంటియి సూస్తున్నవా?" అంది అమ్మ.

"లేదత్తమ్మా. నేనేం సెయ్యలే. దానంతట గదే అచ్చింది."

"నిప్పు లేంది పొగస్తదా?" అంది ఎదురింటామె.

వదిన నా వైపు తిరిగింది. "నువ్వు కంపిటర్ సదువుతున్నవ్ గదా. నువ్వన్న చెప్పు. దానంతటది అస్తదా, రాదా?"

అరుపులు విని వచ్చిన బాపు కూడా నా వైపు చూశాడు. ఆడపిల్లను బస్సెక్కించి కాలేజీకి పంపడం బాపుకు మొదటి నుంచీ ఇష్టం లేదు, ఏదైనా సాకు దొరికితే మానిపించాలని చూస్తున్నాడు. ఇది నా పనని తెలిస్తే సోమవారం నుంచి నా ఒళ్లోకీ బీడీల చాట వచ్చేది.

"నాకు తెల్వదు," అన్నాను.

సాయంత్రానికి వాడకట్టంతా తెలిసింది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. ఆదివారం బాపు ఫోన్ చేస్తే సిరిసిల్ల నుంచి వదిన వాళ్ల నాన్న వచ్చాడు. సాంచాల మీద నుంచి నేరుగా బస్సెక్కినట్టున్నాడు, తలలో దూది ఇంకా ఉంది. ఆయనకు జరిగిందేమిటో ఎవరూ తిన్నగా చెప్పలేదు, ఆయనా అడగలేదు. "నాలుగొద్దులు తోల్కపోత బావా," అన్నాడంతే. వదిన అమ్మ కాళ్లకు మొక్కింది. నాతో "పోయొస్త" అంది. నేను తలూపాను. ఆ తలను ఏ రాయికేసి కొట్టుకున్నా తక్కువే.

సోమవారం కాలేజీ ల్యాబ్‌లో, ఎవరో స్నేహితురాలి ఇంట్లో జరిగినట్టు సార్‌ను అడిగాను. ఆయన నవ్వాడు. "ఎవ్వలో ఫ్రీగ అస్తుందని ఏదో దించుకుంటరు. ఇగ ఎవ్వలు కూసున్నా గవే అస్తయ్. కూసున్నోళ్లది ఏం తప్పు?" ఏం చేయాలో చెప్తుంటే రికార్డు పుస్తకం వెనక రాసుకున్నాను.

అమ్మ బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయినప్పుడు మొదలుపెట్టాను. ముందు నెట్ తీగ పీకేశాను. లోపల ఉన్న ప్రోగ్రాములన్నీ వరుసగా చూస్తే, నేను దించుకున్నది, దాని వెంట నాకు తెలియకుండా దూరినవి మూడు, అన్నీ కనిపించాయి. ప్రతిదాని పక్కనా తేదీ ఉంది. మంగళవారం తేదీ. మంగళవారం వదిన ఆ కుర్చీలో కూర్చోనే లేదు. బాపును పిలిచి ఆ తేదీ మీద వేలు పెట్టి చూపిస్తే చాలు. చూపించలేదు. నాలుగింటినీ తీసేశాను. పాత పేజీని మళ్లీ పెట్టాను. అయినా నెట్ తీగ మళ్లీ పెట్టి చూస్తే ఆ బొమ్మలు తిరిగొచ్చాయి. సార్ చెప్పిన చివరి మాట అప్పుడు గుర్తొచ్చింది: బ్రౌజర్ గుర్తు లోపల, దాని చిరునామా చివర ఆ చెడ్డ పేజీ చిరునామా తోకలా అతికించి ఉంటుంది, అది కోయాలి. కోశాను. ఇక రాలేదు.

మళ్లీ శుక్రవారం అమ్మ నాతో కంప్యూటర్ పెట్టించింది. పేజీ శుభ్రంగా తెరుచుకుంది. అమ్మ తెరను చాలాసేపు చూసి, "సూసినవా, అది పోంగనే ఇది మంచిగైంది," అంది. నేను బాగు చేసిందే వదిన మీద సాక్ష్యమైంది. అన్న కనిపించాక అమ్మ అంతా చెప్పింది. అన్న "ఊఁ" అన్నాడు. నిజమా అని నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. చెప్పేదాన్ని కాదేమో కూడా.

నాలుగు రోజులన్నది ఏడు నెలలైంది. అన్న సెలవు మీద వచ్చి సిరిసిల్ల పోయి ఆమెను తీసుకొచ్చాడు, రెండు నెలలుండి మళ్లీ పోయాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు. చేతి ఫోన్లలో ముఖాలు కనిపించే రోజులొచ్చాక ఫోన్ అమ్మ దగ్గరే ఉండేది. అన్న ఫోన్ చేస్తే అమ్మ పట్టుకుని చూపిస్తుంటే వదిన దూరం నుంచే మాట్లాడేది.

నా చదువు మాత్రం ఆగలేదు. జగిత్యాలలో ఉంటూ అక్కడ ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ చెప్తాను. మొదటి వారంలోనే చెప్తాను, తెర మీదికి ఏదైనా దానంతట అదే రావచ్చు, కూర్చున్నవాళ్లను తిట్టొద్దు అని. ఏటా ఎందరో పిల్లలకు చెప్పిన ఆ మాటను అమ్మకు చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

అమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచంలో ఉంది. ఎత్తింది, కడిగింది, తినిపించింది వదినే. నేను ఆదివారాలు పండ్లు తీసుకుని చుట్టంలా పోయి కూర్చుని వచ్చేదాన్ని. ప్రతి ఆదివారం చెప్పాలనుకునేదాన్ని. ఈ స్థితిలో ఆమెనెందుకు కష్టపెట్టడం అని సర్దిచెప్పుకుని బస్సెక్కేదాన్ని. కష్టం అమ్మకు కాదు, నాకని తెలుసు.

అమ్మ పోయింది. దినాలయ్యాక, మర్నాడు వదిన వాకిట్లో బోళ్లు తోముతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. పాటలు, మంగళవారం, తేదీ, తోక, అన్నీ. ఏడుస్తూ చెప్పాను. ఆమె ఏడవలేదు. చేతిలోని గిన్నె కడిగి బోర్లించింది.

"నేను సూడలేదని నాకు తెల్వదా?" అంది. "నాకెందుకు చెప్తున్నవ్? రెండేండ్లు మంచంల ఉన్నది, ఆమెకు చెప్పకపోతివి. నా చేతుల నీళ్లు తాగినన్ని రోజులు మొఖం గోడ దిక్కే పెట్టుకోని తాగింది."