మిసున్ అక్క జాడీ

ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది, ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. దేవుడికి కూడా సగమే చెప్పాను. మీరు నా ముక్కూ మొహం ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను. నవ్వొస్తే నవ్వండి. ఇందులో నవ్వాల్సింది చాలానే ఉంది, అదే నా బాధ. తప్పు కాస్త గంభీరమైనదైతే ఎప్పుడో ఒప్పుకునేదాన్నేమో. క్యాబేజీ పచ్చడి గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఎవరు నమ్ముతారు?

కువైట్‌లో, అహ్మదిలో, ఆడవాళ్ళ సెలూన్‌లో పనిచేసేదాన్ని. ఊడవడం, తలలు కడగడం, టవళ్ళు ఉతకడం నా పని. అంతకుముందు మూడేళ్ళు ఒక అరబ్బీ ఇంట్లో చేశాను, అక్కడే అరబిక్ వచ్చింది. సెలూన్ యజమానురాలు కువైటీ ఆమె. నడిపేది మాత్రం మిసున్ అక్క. కొరియా మనిషి. భర్త ఏదో కంపెనీలో వెల్డరుగా వచ్చాడు. పని అయిపోగానే, ముందు నేను పోయి ఇల్లు చూసి పిలుస్తానని వెళ్ళాడు.

"ఆరేండ్ల నుంచి ఇల్లు చూస్తానే ఉండాడు" అనేది అక్క, కత్తెర ఆపకుండా. "పెద్ద ఊరు కదా."

అవును, తెలుగులోనే. శుక్రవారాలు మంగఫ్ నుంచీ చుట్టుపక్కల ఇళ్ళ నుంచీ మా కడప ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళ దగ్గరా నా దగ్గరా నేర్చిన తెలుగు అది. ఆ కొరియా ముఖంలోంచి అచ్చం రాయచోటి మాట వస్తుంటే కొత్తవాళ్ళు వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసేవారు. "ఇంత నూనె ఏందిమే, నెత్తిన దోసె పోయాల్నా?" అని తిట్టేది. తిడుతూనే మూడుసార్లు కడిగేది. జుట్టు చివర్లు అరంగుళం కత్తిరించడానికి అరగంట తీసుకునేది. పదహారో ఏట సముద్రం పక్కన ఏదో చిన్న ఊళ్ళో పని నేర్చుకుందట. తలను చూస్తే ఆ మనిషి నిద్రపోయిందో లేదో చెప్పేసేది. నేను ఇప్పుడు మా ఊళ్ళో నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆమె నేర్పిన పనివల్లే.

సెలూన్ వెనక గదిలో అక్క, ఎనిమిదేళ్ళ కూతురు హానా, నేను ఉండేవాళ్ళం. నాలుగో మనిషిలా ఒక జాడీ ఉండేది. మోకాలెత్తు, మట్టిరంగు. అక్క వాళ్ళమ్మది. విమానంలో వచ్చేటప్పుడు చంటిబిడ్డను మొగుడికిచ్చి జాడీని తాను ఒళ్ళో పెట్టుకుందట. అందులో కిమ్చీ, వాళ్ళ పచ్చడి. క్యాబేజీ, వెల్లుల్లి, పులియబెట్టిన చేపల రసం, నేను ఇంటి నుంచి తెచ్చిన కారం. వాసన గురించి నేను గొణిగినప్పుడల్లా "సగం మీ ఊరే కదమే అది" అనేది.

ఇరాక్ సైన్యం దిగిన ఆగస్టు అది. యజమానురాలు వేసవికి ఎక్కడో చల్లని దేశంలో ఉంది. సెలూన్ మూసేశాం. వీధి చివర చెక్‌పోస్టు పెట్టారు. మూడో రోజో నాలుగో రోజో మా ఏసీ ఆగిపోయింది. బాగుచేసేవాడు లేడు. ఆ ఎండకు జాడీకి ప్రాణం వచ్చింది. లోపల్నుంచి గుడగుడమనేది. ఉండుండి మూత ఎగిరి, మళ్ళీ దానంతటదే కూర్చునేది. బయట తుపాకుల శబ్దానికి అలవాటుపడ్డాను కానీ దీనికి అలవాటుపడలేకపోయాను.

ఒక ఉదయం అక్క హానాను తీసుకుని రొట్టెల క్యూకి వెళ్ళింది. కనీసం రెండు గంటలు పడుతుంది. జాడీని వెనక మెట్లమీద పెడదామని ఎత్తాను. పెడదామనే ఎత్తానా? ఇన్నేళ్ళుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను. ఎత్తినప్పుడు చెత్తడబ్బా వైపు చూసిన మాట నిజం. రెండో మెట్టు మీద జాడీ చేతుల్లోంచి జారింది. జారిందా, వదిలేశానా? అది మెట్లన్నీ దిగి కింద పగిలింది. ఆ ఘాటుకు పిల్లి ఒకటి పారిపోయింది.

పెంకులు ఏరి చెత్తలో వేశాను. మెట్లు నాలుగుసార్లు కడిగాను. నా జీవితంలో ఏ నేలనూ అంత శుభ్రంగా కడగలేదు.

అక్క వచ్చింది. గదిలో ఖాళీ చోటు చూసింది.

"జాడీ ఏదిమే?"

భయం వేసింది. పొమ్మంటే ఎక్కడికి పోను? నా కఫీల్, అంటే వీసాకు పూచీపడ్డ యజమానురాలు, దేశంలో లేదు, నా నివాస కార్డు ఇఖామా చూసేవాడు లేడు. అయితే ఆమె పొమ్మనే మనిషి కాదని నాకు తెలుసు. మరి ఎందుకు అబద్ధం చెప్పాను? నోట్లో తయారుగా ఉంది, వచ్చేసింది.

"జైష్ వచ్చింది అక్కా. ఎత్తుకపోయినారు."

ఆ రోజుల్లో సైనికులు ఏమెత్తుకుపోయారన్నా నమ్మేవారు. ఫ్రిజ్‌లు పోయాయి, కార్లు పోయాయి. కాసేపు ఏడ్చి ఊరుకుంటుందనుకున్నాను. ఆమె తెల్ల కోటు తొడుక్కుని, ఒక తడి టవలు మెడలో వేసుకుని బయటికి నడిచింది. హానా చేయి పట్టుకుని నేను వెనకే పరుగెత్తాను.

చెక్‌పోస్టు దగ్గర ఒక సార్జెంటు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. అక్క ఆయన ముందు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి, "నా జాడీ" అంది తెలుగులో. అరబిక్ సరిగ్గా రాదు కాబట్టి నావైపు తిరిగి, "చెప్పుమే వానికి" అంది.

నా అబద్ధాన్ని నేనే అరబిక్‌లోకి మార్చి చెప్పాల్సి వచ్చింది.

"జాడీలో ఏముంది? బంగారమా?" అన్నాడు సార్జెంటు.

"క్యాబేజీ" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నా మనుషులు క్యాబేజీ దొంగతనం చేశారా?"

"పులిసిన క్యాబేజీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నిజం ఒక్కటైనా చెప్పాలనిపించిందేమో.

చుట్టూ ఉన్న సైనికులు పకపకా నవ్వారు. నవ్వకుండా ఉంటే అక్కడితో పోయేది. నవ్వేసరికి సార్జెంటుకు పరువు గుర్తొచ్చింది. "ఎవడు? చూపించు."

అక్క కూడా నావైపే చూసింది. "చూసినావు కదా. చూపియ్."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. గోడ నీడలో లావుపాటి మనిషి ఒకడు నిద్రపోతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి, బట్టతల. మిగతా అందరూ నన్నే చూస్తున్నారు, ఆయన ఒక్కడి కళ్ళే మూసి ఉన్నాయి. అందుకే ఆయన్ని చూపించాను. ఇంకే కారణమూ లేదు.

లేపారు. పాపం, ఏమీ అర్థం కాలేదు. "వల్లా, నా కూతుళ్ళమీద ఒట్టు, జాడీ ఏంటి?" అన్నాడు. సార్జెంటు చెంపమీద రెండు కొట్టాడు. టోపీ తీసేసి నడిరోడ్డు మీద ఎండలో నిలబెట్టాడు. ఆగస్టు ఎండ, ఆ బట్టతల. ఆయన ఎవరివైపూ చూడలేదు, నన్నే చూశాడు. ఆయనకు తెలుసు.

పది నిమిషాలు కూడా కాకముందే అక్క రోడ్డు మధ్యకు వెళ్ళి, మెడలోని తడి టవలు ఆయన తలమీద కప్పింది. చెవుల వెనక దాకా సర్దింది, షాంపూ చేయించుకోవడానికి వచ్చిన మనిషిలాగే.

"పోతే పోయిందిలే జాడీ" అంది నాతో. "ఎంత ఆకలేసిందో వానికి. చెప్పు, క్షమించినా అని."

చెప్పాను. చేయని తప్పుకు ఆయనకు క్షమాపణ దొరికిన సంగతి నేనే చెప్పాను. సార్జెంటు కూడా విసిగిపోయి ఆయన్ని నీడలోకి పొమ్మన్నాడు.

మూడు వారాల తర్వాత, అమ్మాన్ చేరి అక్కణ్ణుంచి ఇళ్ళకు పోదామని, బస్రా వైపు పోయే బస్సులో మేం ముగ్గురం బయల్దేరాం. మా వీధి చివరి చెక్‌పోస్టులో ఆ బట్టతల మనిషే బస్సెక్కాడు. నేను మొహం కిటికీవైపు తిప్పుకున్నాను. ఆయన అక్క ఒళ్ళో ఒక క్యాబేజీ పెట్టి "సామ్‌హీని" అన్నాడు, నన్ను క్షమించు అని. తోటివాళ్ళు అన్ని రోజులూ క్యాబేజీ దొంగ అని పిలిచి ఉంటారు, చివరికి తనే చేశాననుకున్నాడో, అక్క మీద గౌరవంతో అన్నాడో. అమ్మాన్ చేరేదాకా అక్క ఆ క్యాబేజీని రోజుకు కొన్ని ఆకులు చొప్పున మాకు పంచింది. నేనూ తిన్నాను.

అమ్మాన్‌లో విడిపోయాం. ఆమె తమ దేశంలో మళ్ళీ సెలూన్ పెట్టింది, ఒక్కతే హానాను చదివించింది. అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. ప్రతిసారీ "ఆ దొంగోడు ఎట్టుండాడో" అని అడిగేది, సొంత తమ్ముణ్ణి తలచుకున్నట్టు. ప్రతిసారీ చెబుదామనుకున్నాను. ఫోన్‌లో ఎలా, ఎదురుగా చెబుదాం అనుకున్నాను. ఎదురుగా చూసే రోజు రాలేదు.

పోయిన ఏడాది హానా ఫోన్ చేసింది. అమ్మ పోయిందంది. హానా తెలుగు సగం మరిచిపోయింది, తిట్లూ వరసలూ మాత్రం గుర్తున్నాయి. అంత్యక్రియల్లో అందరికీ జాడీ కథ చెప్పిందట. సైన్యానికి ఎదురెళ్ళిన అమ్మ, బట్టతల దొంగ, తడి టవలు. ఏడ్చేవాళ్ళంతా నవ్వారట.

"నువ్వు చూసినావు కదా చిన్నమ్మా, ఆ దొంగ ఎత్తుకపోతుంటే?" అంది.

"చూసినాను" అన్నాను.

అరవై దగ్గరపడుతున్న మనిషిని, మళ్ళీ అదే అబద్ధం. హానాకు నిజం చెబితే వాళ్ళమ్మ కథ పాడవుతుందా? ఆమె ధైర్యమూ దయా నిజమే కదా, దొంగ ఒక్కడే అబద్ధం. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుంటాను, మళ్ళీ ఆ మనిషి కూతుళ్ళు గుర్తొస్తారు. తర్వాత జరిగిన యుద్ధంలో ఆయన బతికాడో లేదో.

జాడీని పగలగొట్టింది నేను. ఆ మనిషి దాన్ని కళ్ళతో కూడా చూడలేదు. ఈ రెండు మాటలూ ఇంతవరకు నా నోటినుంచి రాలేదు. ఇప్పుడు కాగితం మీద ఉన్నాయి. ఊపిరి బాగానే ఆడుతోంది.