మునిర్కా మేడ మీద టవరును కొలిపించిన రోజు

ముందుగా క్షమాపణ. నా చేతిరాత కోడిగీతలు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఎప్పుడూ లొంగలేదు. నేను కాగితం మీద రాసిచ్చినదాన్ని మా మనవరాలు హారిక టైపు చేసి ఇక్కడ పెడుతోంది. అయినా తప్పులుంటే నావే అనుకోండి.

నేను కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యాను. తూము తలుపులు ఎత్తడం, దించడం, రాతి స్కేలు మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం నా పని. డెబ్బై నాలుగేళ్ళకు ఢిల్లీ బయల్దేరడానికి కారణం ఒక ఫొటో. హారిక మునిర్కాలో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది. మేడ మీద బట్టలు ఆరేస్తూ ఫొటో దిగి పంపింది. మా ఆవిడ అందులో పిల్లను చూడలేదు, వెనకాల ఉన్న సెల్ టవరును చూసింది. టవర్ల తరంగాలతో ఏవేవో జబ్బులొస్తాయని వీధిలో అందరి ఫోన్లలోనూ ఒక వీడియో తిరుగుతోంది. ఇక ఇంట్లో అన్నం సయించలేదు. "మీరు వెళ్ళి చూడండి. ప్రమాదమైతే పిల్లను వెంటబెట్టుకుని రండి," అంది. పరీక్షకు నెల కూడా లేదు. పిల్లేమో రానంటోంది. మధ్యలో నేను.

విజయవాడలో బుధవారం ఉదయం రైలెక్కితే గురువారం మధ్యాహ్నానికి నిజాముద్దీన్‌లో దిగాను. స్లీపరు టికెట్టు ఏడొందల చిల్లర. నా సామాను ఒక చేతిసంచీ, ఒక బూడిద గుమ్మడికాయ. గది గుమ్మానికి, టవరు వైపుగా కట్టమని మా ఆవిడ పంపింది. ఒకటిన్నర రోజు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీటాయన ఎందుకని అడిగాడు. మనవరాలికని చెప్పి కిటికీ వైపు తిరిగాను. స్టేషనుకు హారిక వచ్చింది. మెట్రోలో అయితే యాభై లోపే అవుతుంది గాని రెండుచోట్ల మారాలి. గుమ్మడికాయను చూసి తను ఆటో మాట్లాడింది, రెండొందల యాభై. ఆటో అతను అద్దంలో కాయను చూస్తూ ఏదో అన్నాడు. పిల్ల నవ్వింది గాని నాకు చెప్పలేదు.

మునిర్కా సందుల్లో ఎదురెదురు మేడలు ఒకదానికొకటి తగులుతున్నట్టే ఉంటాయి. హారిక గది నాలుగో అంతస్తు, టవరు సరిగ్గా దాని నెత్తిన ఉంది. ఇంటావిడ మెట్ల దగ్గరే నిలబడి ఉంది. పిల్లను తీసుకుపోవడానికి వచ్చానని ఆమెకు ముందే తెలుసు. నా చేతిలోంచి సంచీ తీసుకుంది, గుమ్మడికాయా తీసుకుంది, కుర్చీ వేసింది. ఆమె హిందీకి నేను తల ఊపాను. గంట తర్వాత గిన్నెలో వేడి వేడి హల్వా తెచ్చింది. నెయ్యీ యాలకులూ బాగానే వేసింది. రెండోసారి పెట్టించుకున్నాక హారిక మెల్లగా చెప్పింది, ఇక్కడివాళ్ళు బూడిద గుమ్మడికాయను మిఠాయికే కొంటారట, ఆవిడ దాన్ని నేను తెచ్చిన కానుక అనుకుందట. మా ఆవిడ పంపిన రక్షణ మొత్తం అప్పటికే నా కడుపులో ఉంది.

ఇంక నా తెలివి నేను వాడాను. టవరుకు దూరంగా ఉంటుందని మంచాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు లాగాను. గది వెడల్పు ఎనిమిదడుగులు. పిల్ల పుస్తకం మూసి చూస్తూ కూర్చుంది. "తాతయ్యా, నేను కొలవడానికి దరఖాస్తు పెట్టాను. ప్రభుత్వం వాళ్ళు రేపు వస్తారు. ఎక్కువుంటే నీతో వచ్చేస్తాను. లేకపోతే అమ్మమ్మకు నువ్వే చెప్పాలి," అంది. సరేనన్నాను. కొలిచేదాని మీద నాకు నమ్మకం. అమ్మమ్మకు చెప్పడమే భయం.

శుక్రవారం పదకొండు గంటలకు ఒక ఇంజనీరు, ఒక సహాయకుడు వచ్చారు. మూడు కాళ్ళ స్టాండు మీద తెల్లటి బంతిలాంటిది బిగించారు, దాని కింద అంకెలు కనబడే పెట్టె. అందరినీ ఫోన్లు కట్టేయమన్నారు. హారిక కట్టేసింది, ఇంటావిడ కట్టేసింది. నాది మీటల ఫోను. అదీ ఒక ఫోనేనా అని జేబులో ఉంచుకున్నాను. ముందు మేడ మీద కొలిచారు, తర్వాత గదిలో. ప్రభుత్వం పెట్టిన హద్దులో ఆవగింజంత కూడా లేదని ఇంజనీరు చెబితే హారిక నాకు తెలుగులో చెప్పింది. టవరు తరంగాలు లైటు వెలుతురులా ఎదుటికి పోతాయట, సరిగ్గా కిందికి తక్కువే దిగుతాయట. మంచం పాత మూలా కొత్త మూలా రెండూ ఒకటే అంకె.

అంకె చదవడం నా అలవాటు కదా, పెట్టె మీదికి బాగా వంగాను. వంగానో లేదో అంకె గబగబా పెరిగింది. ఇంటావిడ "హాయ్ రామ్" అని గోడ పట్టుకుంది. హారిక ముఖం పాలిపోయింది. ఇంజనీరు కూడా పైకి, టవరు వైపు చూశాడు. ఒక్క క్షణం ఆగి నా చొక్కా జేబు మోగింది. మా ఆవిడ.

ఇంజనీరు నవ్వు ఆపుకుని, "బాబూజీ, టవర్ నహీ, ఆప్," అన్నాడు. టవరు కాదు, నేనేనట. నా సిమ్ము ఈ టవరుది కాక వేరే కంపెనీదట. ఆ గదిలో సిగ్నలు ఒక్క గీతే. సిగ్నలు తక్కువైనచోట ఫోను గట్టిగా అరవాల్సి వస్తుందట. ఫోన్ల తరంగాలతో జబ్బు వస్తుందా అని అడిగాను. అది డాక్టర్లు ఇంకా పరిశోధిస్తున్న సంగతి, నా యంత్రం ఎంత ఉందో మాత్రమే చెబుతుంది అన్నాడు. మనిషి నాకు నచ్చాడు.

ఈలోగా ఫోను మోగుతూనే ఉంది. ఎత్తి, స్పీకరు పెట్టాను. "ఏవండీ, కొలిచారా? ఎంతుందట?"

"టవరుది తక్కువే."

"మరి ఏది ఎక్కువ?"

"నీ ఫోను."

జరిగింది హారిక చెప్పింది. అది విని మా ఆవిడ, "రోజూ గంటసేపు పిల్ల చెవిలో టవరు గురించి చెబుతున్నది నేనే కదండీ," అంది. ఆ గొంతు విని నాకు జాలేసింది. అప్పుడు నేను, ఆవిడకు ఎప్పుడూ ఎదురు చెప్పనివాణ్ణి, "పిల్ల ఇక్కడే ఉండి పరీక్ష రాస్తుంది," అన్నాను. "ఉండనీయండి. ఇక పది నిమిషాలే మాట్లాడతాను," అంది. ఆ సాయంత్రం సరిగ్గా పది నిమిషాలకు పెట్టేసింది. తర్వాత ఆరుసార్లు చేసింది, ప్రతిసారీ పది నిమిషాలు.

తిరుగు రైలులో ఆలోచించాను. ఆవిడ భయంలో తప్పు లేదు, కనబడనిదాన్ని చూసి ఎవరైనా భయపడతారు. కొలిచేవాళ్ళున్నారని ఎవరూ చెప్పకపోవడమే లోటు. మీ పిల్లల గది దగ్గర టవరు ఉండి దిగులుగా ఉంటే గది ఖాళీ చేయించేముందు దరఖాస్తు పెట్టి కొలిపించండి. వాళ్ళు వచ్చినప్పుడు మీటల ఫోను కూడా కట్టేయండి. మీలో ఎవరైనా ఇలా కొలిపించి ఉంటే ఏమొచ్చిందో కింద త్వరగా రాయండి, మా ఆవిడకు చదివి వినిపించాలి. ఫోను మాత్రం చేయకండి.